తొలి సోల్డరింగ్ వర్క్‌షాప్: హ్యాకర్‌స్పేస్ నడిపేవాళ్లకు

హ్యాకర్‌స్పేస్‌కి, అంటే పనిముట్లు పంచుకుంటూ కలిసి వస్తువులు తయారుచేసుకునే చోటికి, కొత్తవాళ్లను రప్పించడానికి సోల్డరింగ్ (కరిగే లోహపు తీగతో ఎలక్ట్రానిక్ భాగాలను బోర్డుకి అతికించే పని) వర్క్‌షాప్‌ని మించిన కార్యక్రమం లేదు. ఉపన్యాసం విన్నవాళ్లు మళ్లీ వస్తారో రారో చెప్పలేం. తన చేత్తో అతికించిన బోర్డు మీద లైటు వెలగడం చూసినవాళ్లు మాత్రం వచ్చే వారం ఇంట్లో మూలపడిన రేడియో పట్టుకుని వస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని నాయిస్‌బ్రిడ్జ్ హ్యాకర్‌స్పేస్ సహ వ్యవస్థాపకుడు మిచ్ ఆల్ట్‌మన్ ఏళ్ల తరబడి దేశదేశాలు తిరిగి ఇదే నేర్పుతున్నారు. కింద చెప్పిన లెక్కలన్నీ పన్నెండు మంది నేర్చుకునేవాళ్లకు, ముగ్గురు సహాయకులకు, మూడు గంటల సమయానికి సరిపోయేలా వేసినవి. నలుగురికి ఒక సహాయకుడు తప్పనిసరి. అంతమంది దొరక్కపోతే సీట్లు తగ్గించండి, సహాయకులను తగ్గించకండి.

ఏ కిట్ పెట్టాలి

మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టేవాళ్లకు ప్రోగ్రామ్ ఎక్కించాల్సిన ఆర్డుయినో బోర్డు, వైఫై లాంటివి వద్దు. 555 టైమర్ అనే చిప్ (ఐసీ)తో రెండు ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగే సర్క్యూట్ చాలు. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ సిగ్నెటిక్స్ కంపెనీ కోసం రూపొందించిన ఈ ఐసీ ఈనాటికీ ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా దొరుకుతుంది. ప్రోగ్రామ్ ఎక్కించే పని లేదు కాబట్టి బోర్డు పనిచేయకపోతే తప్పు అతుకులోనో, భాగం పెట్టడంలోనో ఉన్నట్టే. నేర్పేవాళ్లకు అంతకంటే కావాల్సింది ఏముంది?

ఒక్కో కిట్‌లో ఉండాల్సినవి: ఎన్‌ఈ555 ఐసీ, దానికి 8 పిన్నుల సాకెట్, 1 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి, 68 కిలోఓమ్ ఒకటి, 470 ఓమ్ రెండు, 10 మైక్రోఫారడ్ 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, 103 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్, 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు ఎరుపొకటి ఆకుపచ్చొకటి, 1ఎన్4007 డయోడ్, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్. డయోడ్‌ని బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే సప్లై తీగకు వరుసలో పెట్టాలి. బ్యాటరీని తిరగేసి క్లిప్‌కి ఒక్క క్షణం తాకించినా ఐసీ పోవచ్చు, కొత్తవాళ్లు ఆ పని తప్పకుండా చేస్తారు. డయోడ్ దగ్గర 0.7 వోల్టు పోయినా ఇక్కడ నష్టం లేదు.

సర్క్యూట్ ఇది. సప్లై నుంచి 1 కిలోఓమ్ ఏడో పిన్నుకు, అక్కడి నుంచి 68 కిలోఓమ్ ఆరో పిన్నుకు. రెండు, ఆరు పిన్నులు కలిపి, అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కు (బ్యాటరీ మైనస్). నాలుగు, ఎనిమిది పిన్నులు సప్లైకి, ఒకటి గ్రౌండ్‌కు, అయిదో పిన్ను నుంచి సిరామిక్ గ్రౌండ్‌కు. మూడో పిన్ను అవుట్‌పుట్. దాని నుంచి 470 ఓమ్ ద్వారా ఎరుపు ఎల్‌ఈడీ గ్రౌండ్‌కు, సప్లై నుంచి ఇంకో 470 ఓమ్ ద్వారా ఆకుపచ్చ ఎల్‌ఈడీ మూడో పిన్నుకు. అవుట్‌పుట్ పైకి లేస్తే ఎరుపు, కిందికి దిగితే ఆకుపచ్చ. పైన ఉండే సమయం 0.693 × (1కే + 68కే) × 10 మైక్రోఫారడ్, అంటే 0.48 సెకను. కింద ఉండేది 0.47 సెకను. కంటికి రెండూ సమానంగానే కనిపిస్తాయి. ఒక్కో ఎల్‌ఈడీలో 10 నుంచి 13 మిల్లీఆంపియర్లు పారుతుంది.

వరుసగా రంధ్రాలు మాత్రమే ఉండే డాట్ బోర్డు మీద చేయించకండి. వెనక తీగలు కలపడమే ఒక విద్య, మొదటి రోజు అది భారం. కైక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న పీసీబీ (రాగి దారులు అచ్చయిన బోర్డు) గీసి చేయించుకోండి. సాకెట్‌కి లాంగ్‌ప్యాడ్స్ అని పేరున్న ఫుట్‌ప్రింట్ (రంధ్రాల అమరిక) వాడితే ప్యాడ్లు, అంటే అతుకు పడే రాగి చుక్కలు, పెద్దవిగా ఉండి, చేయి వణికినా అతుకు పడుతుంది. డయోడ్ కాళ్లు రెసిస్టర్ కాళ్లకంటే లావు, దాని రంధ్రం 1.1 మిల్లీమీటర్లు పెట్టండి. లేకపోతే పన్నెండు మందీ అక్కడే ఆగిపోతారు. రెసిస్టర్ విలువలు, ప్లస్ గుర్తులు, ఐసీ గాడి బోర్డు మీదే అచ్చు వేయించండి.

హైదరాబాద్‌వాళ్లకు భాగాలన్నీ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. పన్నెండు మందికి పద్నాలుగు కిట్లు కట్టండి, ఐసీలు, ఎల్‌ఈడీలు ఇంకో నాలుగైదు విడిగా ఉంచండి. ముందు ఒక కిట్‌ని మీరే మొదటి నుంచి చివరిదాకా అతికించి చూడాలి. పొట్లంలో పెట్టే ముందు రెసిస్టర్లను మల్టీమీటర్‌తో కొలవండి. షాపులో 1 కిలోఓమ్ డబ్బాలో 10 కిలోఓమ్ కలిసిపోవడం మామూలే.

గది, కరెంటు, పొగ

25 వాట్ల ఐరన్లు పన్నెండు పెట్టినా 300 వాట్లే. లోడు సమస్య కాదు, నేల మీద తీగలు సమస్య. నలుగురికో ఎక్స్‌టెన్షన్ బాక్స్ చొప్పున టేబుల్ అంచుకి కట్టేయండి, కాళ్లకి తగిలి వేడి ఐరన్ ఒళ్లో పడకూడదు. మూడు పిన్నుల ఐరన్లే కొనండి. ప్రతి ఐరన్‌కీ టిప్ (మొన) నుంచి ఎర్త్ పిన్నుకి కరెంటు దారి ఉందో లేదో మీటర్‌తో చూడండి, బాక్స్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా చూడండి. చవక బాక్స్‌లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ లోపల తీగ ఉండదు. ఐరన్లకు, లైట్లకు ఇన్వర్టర్ లైను ఉంటే కరెంటు పోయినా పని ఆగదు.

సీలింగ్ ఫ్యాన్ ఎప్పుడూ తగువే. ఆపితే చెమట, వేస్తే పొగ పక్కవాళ్ల ముఖం మీదికి. టేబుళ్లను కిటికీ వైపు జరిపి, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, సీలింగ్ ఫ్యాన్ అటుపక్కదాన్ని మాత్రం వేయండి. ఆ పొగ సీసం కాదు. ఈ వేడికి సీసం ఆవిరి కాదు, కాలేది సోల్డర్ తీగ లోపలి రోజిన్, అంటే అతుకు పట్టడానికి సాయపడే బంక. అయినా అది ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆస్తమా ఉన్నవాళ్లను కిటికీ పక్కనే కూర్చోబెట్టండి. సీసం ప్రమాదం చేతుల నుంచి నోటికి వెళ్లడంలో ఉంది. అందుకే టేబుల్ మీద సమోసాలు, టీ వద్దు. తినే చోటు వేరే గదిలో, దారిలో సబ్బు.

అతికించాక భాగాల కాళ్లు కత్తిరించినప్పుడు ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. అద్దాలు లేనివాళ్లందరికీ ప్లాస్టిక్ కళ్లజోళ్లు ఇవ్వండి, కత్తిరించే కాలిని ఇంకో చేత్తో పట్టుకోమని చెప్పండి. వేలు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టించాలి. ఐసు, టూత్‌పేస్ట్, పసుపు పూయనివ్వకండి.

సోల్డర్ 60/40 (అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం), మందం 0.8 మిల్లీమీటర్లు, రోజిన్ లోపల ఉన్నది. అది 190 డిగ్రీల లోపే కరుగుతుంది. సీసం లేనిదైతే దాదాపు 220 దాకా వెళ్లాలి, అతుకు మెరుపు లేకుండా కనిపిస్తుంది, మంచి అతుకేదో చెడ్డదేదో కొత్త కళ్లకు తెలియదు. ఉష్ణోగ్రత మార్చుకునే స్టేషన్లు ఉంటే 340 దగ్గర పెట్టండి. కిట్‌లో 28 అతుకులు, అభ్యాసంతో, వృథాతో కలిపి మనిషికి అర మీటరు పోతుంది. మీటరు చొప్పున కత్తిరించి చుట్టలుగా పంచితే రీలు కోసం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోరు. 50 గ్రాముల రీలులో పది మీటర్ల పైనే వస్తుంది.

షాపువాళ్లు డబ్బాలో ఇచ్చే సోల్డరింగ్ పేస్ట్ ఈ పనికి వద్దు. తీగలోని రోజిన్ చాలు. కొన్ని పేస్ట్‌లలో ఆమ్లం ఉండి కొన్నాళ్లకు రాగిని తినేస్తాయి.

కూర్చోబెట్టి నేర్పడం

మొదటి పావుగంట జాగ్రత్తలు, తర్వాత ఇరవై నిమిషాలు పనికిరాని బోర్డు మీద పది అతుకులు. తొందరపడి దీన్ని దాటేస్తే ఆ తప్పులన్నీ కిట్ మీద పడతాయి.

ఐరన్ వేడెక్కగానే టిప్ మీద సోల్డర్ పూయించండి. నల్లబడ్డ టిప్ ఎంత వేడిగా ఉన్నా వేడిని బోర్డుకి ఇవ్వదు. టిప్ తుడిచే స్పాంజ్ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. పూతున్న టిప్‌ని ఆకురాయితో గీకనివ్వకండి. పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని సోల్డర్ కొద్ది రోజుల్లో కరిగించేస్తుంది. పూత లేని మామూలు రాగి బిట్ అయితే గీకవచ్చు.

అతుకు ఇలా పడాలి. టిప్ ప్యాడ్‌నీ, కాలినీ రెండింటినీ ఒకేసారి తాకాలి. ఒక సెకను ఆగాలి. సోల్డర్‌ని టిప్‌కి కాకుండా ఎదురు వైపు నుంచి అతుక్కి అందించాలి, మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. ముందు సోల్డర్ తీసి, ఆ తర్వాత ఐరన్ తీయాలి. గట్టిపడేదాకా భాగం కదలకూడదు. అంతా మూడు సెకన్ల పని. కాలి చుట్టూ గుడారంలా వాలుగా అంటుకుంటే మంచి అతుకు. ఉండలా నిలబడితే ప్యాడ్ వేడెక్కలేదన్నమాట. కొత్తవాళ్లలో ఎక్కువమంది టిప్ మీద సోల్డర్ కరిగించి తెచ్చి అతుక్కి అద్దుతారు. దారిలోనే రోజిన్ కాలిపోతుంది, అతుకు పట్టదు. సహాయకులు మొదటి పది నిమిషాలూ ఈ ఒక్కదాన్నే చూస్తే సగం తప్పులు పుట్టవు.

భాగాలు పొట్టివి ముందు, పొడుగువి తర్వాత: రెసిస్టర్లు, డయోడ్, సాకెట్, సిరామిక్, ఎల్‌ఈడీలు, ఎలక్ట్రోలైటిక్, చివరికి బ్యాటరీ తీగలు. సాకెట్‌కి ఎదురెదురు మూలల్లోని రెండు పిన్నులే ముందు అతికించి, బోర్డుకి ఆనుకుందో లేదో చూశాక మిగతావి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్, ఎలక్ట్రోలైటిక్ మీద తెల్ల చార ఉన్న కాలు మైనస్. డయోడ్ చార బోర్డు మీది చారకి.

సహాయకులకు ఒకటే నియమం: నేర్చుకునేవాళ్ల చేతిలోంచి ఐరన్ తీసుకోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే. వేలితో చూపించండి, మీ బోర్డు మీద చేసి చూపించండి. మీరు అతికించిన అతుకు వాళ్లది కాదు.

వెలగకపోతే

చివరి నలభై నిమిషాలు దీనికోసం పక్కన పెట్టండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. బ్యాటరీ పెట్టే ముందు మీటర్ బీప్ మోడ్‌లో సప్లైకి గ్రౌండ్‌కి మధ్య షార్ట్ లేదని చూడాలి. పెట్టాక ఐసీని వేలితో తాకి చూడాలి. కాలిపోతుంటే వెంటనే బ్యాటరీ పీకాలి: ఐసీ తిరగబడిందో, మూడు నాలుగు పిన్నుల మధ్యనో ఏడు ఎనిమిది మధ్యనో సోల్డర్ కలిసిపోయిందో.

ఎరుపు ఆగకుండా వెలుగుతుంటే ఆకుపచ్చని చేత్తో నీడ పెట్టి చూడమనండి. సెకనుకి రెండుసార్లు సన్నగా మిణుక్కుమంటుంటే 1కే, 68కే తారుమారయ్యాయి. అప్పుడు అవుట్‌పుట్ కింద ఉండేది 7 మిల్లీసెకన్లే. గోధుమ, నలుపు, ఎరుపు అయితే 1కే, నీలం, బూడిద, నారింజ అయితే 68కే. ఆకుపచ్చ అసలు వెలగకపోతే ఎలక్ట్రోలైటిక్ తిరగబడి ఉండవచ్చు, లేదా ఒకటి రెండు పిన్నులు కలిసి ఉండవచ్చు.

రెండూ ఒకేసారి మసకగా వెలుగుతున్నాయా? 10 మైక్రోఫారడ్ కాలు అతుక్కోలేదు. ఐసీ కంటికి అందనంత వేగంగా కొట్టుకుంటోంది. ఒకటి బాగానే మిణుకుతూ రెండోది చీకటిగా ఉంటే ఆ ఎల్‌ఈడీ తిరగబడింది. చెయ్యి దగ్గరికి తెస్తే ఆగి, తీస్తే నడిచే బోర్డులో నాలుగో పిన్ను అతుకు చూడండి, రీసెట్ అనే ఆ పిన్ను దేనికీ కలవకుండా గాలిలో వేలాడుతుంటుంది. ఏమీ వెలగకపోతే ముందు డయోడ్ దిశ, తర్వాత సాకెట్ కింద మడతపడిన ఐసీ కాలు.

భాగం తీయాల్సి వస్తే కరిగిన సోల్డర్‌ని పీల్చే సక్కర్ వాడండి. ఒకే ప్యాడ్‌ని అయిదారు సెకన్లకు మించి కాల్చకూడదు, రాగి లేచిపోతుంది. ఎల్‌ఈడీ, రెసిస్టర్ లాంటివైతే పాత భాగాన్ని కత్తిరించేసి కాళ్లు ఒక్కోటిగా పీకడం మేలు. భాగం పోయినా బోర్డు మిగులుతుంది.

ప్రకటన, ఆ తర్వాత

ప్రకటన వారం ముందు పెట్టండి. తేదీ, చేరుకునే దారి, రుసుము, ఎన్ని సీట్లు, కనీస వయసు, ఏ భాషలో నేర్పుతారు, నూలు బట్టలు, మూసిన చెప్పులు వేసుకు రావాలన్న మాట ఉంటే చాలు. పదేళ్లు దాటిన పిల్లలను పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే రానివ్వవచ్చు. రుసుము కిట్ ఖర్చుకి అయిదో వంతు కలిపి పెట్టండి, లెక్క అందరికీ కనిపించేలా రాయండి.

వచ్చినవాళ్లను మళ్లీ రమ్మనడానికి ఒక స్థిరమైన రోజు కావాలి. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సమావేశంలో యెన్స్ ఓలిగ్, లార్స్ వైలర్ హ్యాకర్‌స్పేస్‌లు నడిపే పద్ధతులను క్రోడీకరించి చెప్పారు. ఏ రోజు కలవాలన్న వాదన తెగదు కాబట్టి మంగళవారం అని పెట్టేసుకోండి అన్నది వాటిలో ఒకటి. మన ఊళ్లలో ఆ రోజు కొత్త పని మొదలుపెట్టని ఇళ్లు చాలానే ఉన్నాయి, గురువారం పెట్టుకున్నా పనిచేస్తుంది. రోజు మారకుండా ఉండటం ముఖ్యం.

ఐరన్లు ఆపే ముందు ప్రతి టిప్ మీదా సోల్డర్ పూసి వదలండి, తుడిచి పెడితే తుప్పు పడుతుంది. రాలిన సోల్డర్ ముక్కలు చెత్తబుట్టలో వేయకుండా మూతున్న డబ్బాలో పోగుచేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ఫోటోలు పెట్టే ముందు అడగండి, పిల్లలవైతే తల్లిదండ్రులను. టేబుళ్లు తుడిచేలోపే ఎన్ని ఐసీలు పోయాయి, ఏ అతుకు దగ్గర ఎక్కువమంది ఆగారు, ఏ భాగం తక్కువపడింది అన్నవి వికీలో రాసేయండి. వచ్చే విడత పీసీబీ ఆర్డర్ పెట్టేముందు ఏ ప్యాడ్ పెద్దది చేయాలో, ఏ గుర్తు ఇంకా స్పష్టంగా అచ్చు వేయాలో ఆ పేజీ చూసి మార్చుకోవచ్చు.