పిల్లల్ని పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే ముందు: ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చినవారికి

"అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా." మన ఇళ్లలో ముద్ద లోపలికి దిగడానికి చదివే మంత్రం ఇదే. నేనూ చదివాను. ఇంగ్లండ్ వచ్చిన ఐదో నెలలో మా నాలుగేళ్ల పాపను పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుర్చీ అయితే ఎక్కింది గానీ నోరు తెరవలేదు. పెదాలు బిగబట్టి, రెండు చేతులూ వెనక్కి దాచుకుని కూర్చుంది. సూది చేతికే కదా వేసేది! పావుగంట బతిమాలి, ఏమీ చూడకుండానే పంపేశారు. దానికి తోడు ముందురోజు వీడియో కాల్‌లో వాళ్ల నాయనమ్మ "సూదేస్తరేమో బిడ్డా, ఏడ్వకు" అని ధైర్యం చెప్పింది. కాబట్టి మొదటి పని, ఆ మంత్రం ఇవాళే మానేయండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి కూడా ఫోన్‌లో ఒక మాట చెప్పండి.

మనకి పన్ను నొప్పి వస్తేనే డాక్టర్ గుర్తొస్తాడు. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనుకుంటాం. ఇక్కడ మొదటి పన్ను రాగానే, ఏడాది నిండేలోపే ఒకసారి చూపించమంటారు. నొప్పి లేనప్పుడు వెళ్తే డాక్టర్ చేసేదల్లా పళ్లు చూసి లెక్కపెట్టడం. పిప్పిపన్నుతో, వాచిన బుగ్గతో మొదటిసారి వెళ్లిన పిల్లకి మాత్రం ఆ గది జన్మంతా గుర్తుంటుంది.

ఖర్చు గురించి బెంగ వద్దు. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, 18 ఏళ్లలోపు పిల్లలకి పళ్ల వైద్యం ఉచితం. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టాం కదా, మనకీ ఉచితమేనేమో అనుకోకండి, పెద్దవాళ్లు విడిగా కట్టాల్సిందే. అసలు కష్టం డాక్టర్ దొరకడంలో ఉంది. చాలాచోట్ల కొత్తవాళ్లని తీసుకోవడం లేదంటారు. జీపీకి (మామూలు జబ్బులకి చూసే మన ఏరియా డాక్టర్‌కి) ఉన్నట్టు ఇంటి చిరునామా పట్టింపు దీనికి లేదు, పక్క ఊరిలో దొరికినా వెళ్లొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి, కనిపించినవాళ్లందరికీ ఫోన్ చేసి "పిల్లల్ని తీసుకుంటున్నారా" అని ప్రత్యేకంగా అడగండి. పెద్దవాళ్లని వద్దన్నచోట పిల్లలకి ఖాళీ ఉండొచ్చు. జీపీ దగ్గర పేరు రాయించుకున్న వారమే ఈ పని కూడా మొదలుపెట్టండి. డాక్టర్ దొరకకముందే నొప్పి మొదలైతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కి ఫోన్ చేయాలి. వాపుతో ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపాయింట్‌మెంట్ ఉందని రెండు రోజుల ముందు చెబితే చాలు. రెండు వారాల ముందు చెబితే రోజూ అదే టెన్షన్. "నొప్పి ఉండదు" అనకండి. పిల్లల చెవికి చేరేది "నొప్పి" ఒక్కటే. "నీ పళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు" అనండి, అది నిజం కూడా. ఇంట్లో ఒక ఆట ఆడండి. ముందు మీరు సోఫాలో వెనక్కి వాలి నోరు తెరవండి, పిల్లే డాక్టర్. ఫోన్ టార్చ్ వేసి, చిన్న చెంచా పట్టుకుని మీ పళ్లు లెక్కపెడుతుంది. తర్వాత మీ వంతు. చెయ్యెత్తితే ఆపేయాలన్నది ఆటలో నియమం. అక్కడికెళ్లాక డాక్టర్‌తో కూడా ఆ మాట చెప్పండి.

ఇంటి నుంచి తెలుగు మాత్రమే తెచ్చుకున్న పిల్లలకి ఓపెన్, క్లోజ్, బైట్ అనే మూడు మాటలు నేర్పండి. పళ్లు కలిపి పెట్టమనడానికి డాక్టర్ "బైట్" అంటారు. మా పాప ఆటలో నా వేలు కొరికాకే దాని అర్థం సరిగ్గా నేర్పాను. ఇంకో తమాషా, ఇక్కడ నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలోని పాలపళ్లకి ఇంగ్లిష్ ఏ (A) నుంచి ఈ (E) దాకా అక్షరాలు పెట్టి పిలుస్తారు. డాక్టర్ వాటిని చదువుతుంటే పక్కన నర్సు రాసుకుంటుంది. "డాక్టర్‌కి ఏబీసీడీలు పూర్తిగా రావట, వింటావా?" అన్న ఒక్క మాటతో రెండోసారి మా పాప నోరు తెరిచింది. మొత్తం ఇరవై పళ్లు.

మూడేళ్లు దాటితే పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ వార్నిష్ అనే మందు పూస్తారు, అది ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. మాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ మాట వినగానే బావినీళ్లతో గారపట్టిన పళ్లూ, వంగిపోయిన కాళ్లూ కళ్లముందు మెదిలి మా ఆయన వద్దనేశారు. డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. అక్కడ హద్దుమీరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీళ్లతో కడుపులోకి పోయింది. ఇక్కడ చుక్కంత మందు పంటి పైన పూత. పిల్లని ఎప్పుడైనా ఆస్తమాతో ఆసుపత్రిలో చేర్చి ఉంటే మాత్రం పూత వేయకముందే చెప్పాలి.

పేస్టు విషయంలోనూ అంతే. ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బాలో ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోండి, ఉండాలి. మూడేళ్లలోపు వారికి బ్రష్ మీద పల్చగా రాస్తే చాలు, ఆపైన బఠాణీ గింజంత. తోమాక ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. నోరు కడగకుండా ఎలాగమ్మా అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.