పాప కాట్‌లో పక్క ఎలా వెయ్యాలి: ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చెయ్యాలి

మాది ఒడిశాలోని రాయగడ. పురుడయ్యి ఇంటికొచ్చిన రోజే చుట్టాలు తెచ్చినవన్నీ కాట్‌లో సర్దేశాం, ఆవాల దిండు, అటొకటి ఇటొకటి పక్క దిండ్లు, కమ్మీల చుట్టూ మెత్తటి బంపర్, పైన పూల దుప్పటి. పన్నెండో రోజు రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూస్తే దుప్పటి అంచు పాప ముక్కు మీదకొచ్చేసి ఊపిరికి లోపలికీ బయటికీ ఆడుతోంది, ఏడుపు లేదు, చప్పుడు లేదు. పాపకి ఏం కాలేదు గానీ తెల్లారేలోపు అన్నీ తీసేశాను. ఆ తర్వాత ఒక్కో ఇబ్బంది వచ్చినప్పుడల్లా మళ్ళీ ఏదో ఒకటి కాట్‌లో పెట్టాలనిపించేది, కానీ ప్రతిసారీ కారణం వేరే చోట ఉండేది.

వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కుతోంది, పొరబోతుందేమో అని భయం

మా అత్తమ్మ "పక్కకి తిప్పి పడుకోబెట్టమ్మా" అనేవారు, పెద్దవాళ్ళందరూ అదే అంటారు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన ఉంటది, ఆహార గొట్టం కింద ఉంటది, అంటే కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉంటే ఇది తిరగబడిపోద్ది. పక్కకి పడుకోబెడితే దొర్లి బోర్లా పడిపోవచ్చు. అమెరికాలో 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు, తర్వాతి ఏళ్ళలో నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. కక్కడానికి పాలతో పాటు మింగిన గాలి కూడా ఒక కారణం. పాలయ్యాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి, కాసేపు నిటారుగా ఎత్తుకోండి. తల కింద దిండు పెట్టి ఎత్తు చెయ్యొద్దు, గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి అందదు.

చేతులు చల్లగా ఉన్నాయి, దుప్పటి కప్పాలా?

డిసెంబర్‌లో ఈ కొండల చలి తెలిసిందే, కోరాపుట్ వైపు ఇంకా ఎక్కువ. కానీ పసిపిల్లలకి చేతులు, పాదాలు మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చాలు, చెమట పట్టి ఉంటే బట్టలు ఎక్కువైనట్టే. మనం వేసుకున్నదాని కంటే ఒక్క పొర ఎక్కువ వెయ్యండి, విడి దుప్పటి బదులు ఒంటికి తొడిగే సంచి లాంటి స్లీప్ సాక్ మంచిది. గుడ్డలో చుట్టే అలవాటుంటే బోర్లా పడడానికి ప్రయత్నిస్తున్న రోజు నుంచి మానెయ్యాలి. నిద్రలో టోపీ వద్దు. ఇంకొకటి, బాలింత గదిలో తలుపులన్నీ మూసి కుంపటి పెట్టడం మన వైపు ఇంకా ఉంది, దయచేసి మానండి, మూసిన గదిలో బొగ్గుల గాలి తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదకి తెస్తుంది.

తల ఒక పక్క చదునౌతోంది

ఆవాల దిండు దీనికోసమే కొంటారు. కారణం దిండు లేకపోవడం కాదు, పాప ఎప్పుడూ వెలుతురు వైపో అమ్మ వైపో ఒకే పక్కకి తల తిప్పి ఉండడం. ఒక రాత్రి తల ఉన్న చోట మర్నాడు కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు మీరు కూర్చుని చూస్తుండగా కాసేపు బోర్లా వెయ్యండి. మెడ ఒక వైపుకి తిరగనే తిరగకపోతే డాక్టర్‌కి చూపించాలి. ఏడాది నిండేదాకా దిండు అవసరమే లేదు.

పరుపు మధ్యలో గుంట పడింది

బూరుగు దూది పరుపు మన ఇళ్ళలో ప్రేమగా కుట్టిస్తారు, కానీ పసిపిల్లకి అంత మెత్తదనం పనికిరాదు, మొహం తిరిగితే కూరుకుపోద్ది. పిడికిలితో నొక్కి తీస్తే వెంటనే పైకి లేవాలి. కాట్‌కీ పరుపుకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంటే పరుపు చిన్నదైపోయినట్టు. వడ్రంగితో కాట్ చేయించేవాళ్ళు కమ్మీల మధ్య 6 సెంటీమీటర్లకి మించకుండా చూడమని ముందే చెప్పండి, తల ఇరుక్కునే భయం ఉండదు. పరుపు మీద పరిచే దుప్పటి నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న కాటన్‌దే, బిగుతుగా. చెమటకాయలు వస్తుంటే రబ్బరు షీట్ నేరుగా ఒంటికి తగులుతోందేమో చూడండి, దాన్ని ఆ దుప్పటి కిందకి తొయ్యండి.

కమ్మీలకి తల కొట్టుకుంటోంది

బంపర్ వద్దు. మొహం ఆనుకుంటే తిప్పుకునే బలం వాళ్ళకి ఉండదు. అమెరికాలో 2022లో చట్టం చేసి అమ్మకమే ఆపేశారు. చిన్న దెబ్బ తగిలినా ఏడుస్తారు, మనకి తెలుస్తుంది.

దోమలు

మలేరియా జిల్లాల్లో ఉంటూ దోమతెర లేకుండా కుదరదు. తెర కాట్ బయట నుంచి కట్టి అంచులు కాట్ కిందకి బిగించండి, పాప చేతికి అందేంత వదులుగా వేలాడకూడదు. గొడుగులా మడిచే తెరతో మెత్తటి పరుపు, చిన్న దిండు వస్తాయి, ఆ రెండూ పక్కన పెట్టేయండి.

చీర ఉయ్యాలలో తప్ప నిద్రపోదు

ఉయ్యాలలో ఒళ్ళు వంగిపోయి గడ్డం కిందకి వస్తుంది, మనం చూస్తుండగా ఊపడం వరకు సరే, నిద్ర పట్టగానే ఎత్తి చదునైన చోట వెయ్యాలి. మాకు దీనికి ఇంచుమించు మూడు వారాలు పట్టింది.

ఊరెళ్ళినప్పుడు కాట్ లేదు

పార్వతీపురంలో అమ్మవాళ్ళింటికి వెళ్తే మంచం మీద మా మధ్య వేసుకోం. గట్టి నేల మీద చాప, దాని మీద ఒక్క పలచటి కాటన్ దుప్పటి ముడతలు లేకుండా పరిచి అంచులు చాప కిందకి మడుస్తాం, పైన దోమతెర, పక్కనే ఒక చేతి దూరంలో నా చాప.