పట్టు జాకెట్టుకి లైనింగ్ కదలకుండా టాకాలు వేయడం

జాకెట్లు కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేను టాకాలు, అంటే మిషన్ కుట్టుకు ముందు చేత్తో వేసి తర్వాత విప్పేసే కచ్చా కుట్లు, వేసేదాన్ని కాదు. నాలుగు గుండుసూదులు గుచ్చి నేరుగా మిషన్ మీద పెట్టేసేదాన్ని. ఒకసారి పోచంపల్లి పట్టుతో కుట్టిన జాకెట్టుకి పక్క కుట్టు దగ్గర గళ్ళు అర అంగుళం ఎగుడుదిగుడుగా వచ్చాయి. విప్పి చూస్తే పట్టు మీద మిషన్ సూది చిల్లులు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు పట్టు ముక్క ఏది వచ్చినా ముందు చేత్తో కచ్చా కుట్టు వేశాకే మిషన్ దగ్గరికి వెళ్తాను.

మిషన్‌లో సూది కిందుండే పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతాయి. పైనున్న ఫుట్ పై పొరను నొక్కి పడుతుంది. పట్టు నున్నన, కాటన్ లైనింగ్ గరుకు, రెండూ ఒకేలా కదలవు. గుండుసూది తను ఉన్నచోటే పట్టుకుంటుంది, సూదికీ సూదికీ మధ్య బట్ట ఉబ్బుతుంది.

కాటన్ లైనింగ్‌ని కత్తిరించే ముందే నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి పట్టును లాగేస్తుంది.

సూది సన్నగా ఉండాలి, 9 లేదా 10 నంబరు. కాటన్ దారం ఒంటిపోగు, ఒక మూర చాలు. పొడుగు దారం చిక్కుపడుతుంది. రంగు కంటికి కనబడాలి కానీ లేత బట్ట మీద ఎరుపు, నలుపు దారాలు వద్దు, వాటి రంగు అంటుకోవచ్చు. నేను గంధం రంగు పట్టు మీద లేత నీలం వాడతాను.

లైనింగ్‌ని బల్ల మీద పరిచి, దాని మీద పట్టు ముక్కను మంచివైపు పైకి ఉండేలా వేయండి. ఒళ్ళో పెట్టుకుని కుట్టవద్దు, బట్ట వంగి కొలత మారుతుంది. అరచేత్తో మధ్య నుంచి అంచులకు సర్ది, అంచుకు పావు అంగుళం లోపల, అంటే కుట్టు కోసం వదిలిన మార్జిన్‌లోనే, అర అంగుళం కుట్లు వేసుకుంటూ వెళ్ళండి. మెడ, చంక దగ్గర మాత్రం పావు అంగుళం కుట్లే వేయాలి, వంపులో బట్ట సాగుతుంది కాబట్టి. ముడి పైవైపు ఉంచితే విప్పడం తేలిక. చివర ముడి వద్దు, వదులుగా రెండు వెనక కుట్లు చాలు.

వీపు ముక్క పెద్దది కనుక మధ్యలో కూడా ఏటవాలు టాకాలు వేస్తాను. సూదిని అడ్డంగా గుచ్చి తీస్తూ కిందికి దిగితే పైన దారం ఏటవాలుగా పడుతుంది. అయితే ముందు ఒక పనికిరాని ముక్క మీద గుచ్చి, గోటితో మెల్లగా రుద్ది చూడండి. చిల్లు పూడకపోతే మధ్యలో వేయకండి.

గళ్ళు, చారలు కలపాల్సిన చోట పద్ధతి వేరు. ఇది మా అత్తయ్య చూపించారు. ఒక ముక్క మార్జిన్‌ను లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, రెండో ముక్క కుట్టు గీత మీద పెట్టండి. మంచివైపు నుంచే చూస్తూ గడిని గడికి కలపండి. మడత లోపల పావు అంగుళం సూది నడిపి, బయటికి తీసి, సరిగ్గా ఎదురుగా కింది ముక్కలో పావు అంగుళం తీయండి. ఇలా చివరిదాకా వెళ్ళాక మడత విప్పితే లోపల తిన్నని టాకాల వరుస కనిపిస్తుంది. మిషన్ కుట్టు దాని పక్కనే, ఒక పోగు ఎడంగా వేయండి. దాని మీదే వేస్తే టాకా దారం ఇరుక్కుపోతుంది.

విప్పేటప్పుడు దారం మొత్తాన్ని ఒకేసారి లాగకండి, పట్టు ముడతపడుతుంది. మూడు నాలుగు అంగుళాలకోసారి కత్తిరించి ముక్కలుగా తీయండి. టాకాలు ఉండగా ఇస్త్రీ పెట్టె గట్టిగా నొక్కితే దారం అచ్చు పడుతుంది, అందుకే అన్నీ తీశాక, పల్చటి కాటన్ గుడ్డ వేసి, లోపలివైపు నుంచి ఇస్త్రీ చేయండి.