డ్రమ్స్ నేర్చుకుందాం – 9వ పాఠం: పెద్ద సింబల్ కొనే ముందు

పోయిన పాఠంలో హై హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట పళ్లేలు) మీద ఎడమ కాలి పని చూశాం. అది ఇంకా కుదరని వాళ్లు ఈ వారం కూడా అదే సాధన చేయండి, తొందరేం లేదు. కుదిరిన వాళ్లకు ఈసారి సింబల్ సైజుల సంగతి. సింబల్ అంటే స్టిక్‌తో కొట్టే కంచు పళ్లెం. పాట పొడుగునా తాళం నడిపేది రైడ్, ఒక్క దెబ్బకు పేలినట్టు మోగేది క్రాష్.

మా కర్నూలులోనే కాదు, అనంతపురంలో, కడపలో కూడా ఏ ఇద్దరు డ్రమ్మర్లు కలిసినా కాసేపటికి మాట దీని మీదికే మళ్లుతుంది. ఆర్కెస్ట్రాలో వాయించే కుర్రాడు "22 ఇంచుల రైడ్ లేకపోతే స్టేజీ నిండదన్నా" అంటాడు. చర్చిలో వాయించే పెద్దాయన "ఏంటికప్పా అంత పెద్దది? పాడేవాళ్ల మాట వినపడాల్నా వద్దా?" అంటాడు. కుర్రాడు ఫోన్ తీసి, పెద్ద పేరున్న డ్రమ్మర్ వెనకాల వేలాడే కంపెనీ బ్యానర్ చూపిస్తాడు. దాంతో వాదన తేలిపోయిందనుకుంటారు. కానీ అడగాల్సింది ఎవరూ అడగలేదు. ఆ సింబల్ మందం ఎంత? వాయించే చేయి ఎలాంటిది? మోగుతున్న గది ఎలాంటిది?

ముందు సైజు. 16 ఇంచుల నుంచి 20 ఇంచులకు పోతే పెరిగింది నాలుగు ఇంచులే కదా అనిపిస్తుంది. వైశాల్యం లెక్క కడితే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మందం అదే అయితే లోహం కూడా అంతే పెరిగినట్టు. అందుకే పెద్ద సింబల్ శ్రుతి కిందికి దిగుతుంది, మోత ఎక్కువసేపు నిలుస్తుంది, దెబ్బ పడ్డాక పూర్తిగా విచ్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది. పెద్ద అండాలో నీళ్లు నిదానంగా కాగినట్టే ఇదీ. 20 ఇంచుల క్రాష్‌ను మెల్లగా తాకితే లోపలే గొణుగుతుంది. దాన్ని తెరిపించాలని గట్టిగా కొడితే మిగతా అందరినీ మింగేస్తుంది. చిన్న హాల్లో పెద్ద క్రాష్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే.

అలాగని పెద్దదంతా గోల అనుకోవడమూ పొరపాటే. చిన్న క్లబ్బుల్లో వాయించే జాజ్ డ్రమ్మర్లలో చాలామంది 22 ఇంచుల పల్చటి రైడ్‌లే వాడతారు. పక్కన పియానో స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ పనిచేసేది మందం. ఒకే సైజులో పల్చటి సింబల్ శ్రుతి తక్కువగా ఉంటుంది, చిన్న దెబ్బకే పలుకుతుంది. మందమైనది శ్రుతి పెంచుకుని, స్టిక్ పడిన టిక్కుటిక్కుమనే చప్పుడును స్పష్టంగా దూరానికి పంపుతుంది. కాబట్టి షాపులో సైజు చూసి ఆగిపోవద్దు, కాటా మీద పెట్టి తూచమనండి. 18 ఇంచుల పల్చటి క్రాష్ సుమారు 1,300 నుంచి 1,500 గ్రాముల మధ్య తూగుతుంది. అదే సైజులో ఇంకొకటి అంతకన్నా బాగా బరువుందంటే, దానికి మీ చేయి మరింత కష్టపడాల్సి వస్తుంది.

ఇప్పుడు గది. లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్ 24 ఇంచుల పైస్తే కంపెనీ రైడ్ వాయించాడు. నిజమే. ఆయన ముందు 26 ఇంచుల బాస్ డ్రమ్, పక్కన గిటార్ ఆంప్లిఫయర్ల వరస, ఎదురుగా వేలమంది పట్టే మైదానాలు. మన దగ్గర సాధన ఎక్కడ చేస్తాం? కింద కడప బండలు, లేదంటే బేతంచెర్ల బండలు. చుట్టూ సున్నం కొట్టిన సిమెంటు గోడలు, పైన రేకులు. శబ్దాన్ని పీల్చుకునేది ఆ గదిలో ఒక్కటీ ఉండదు. సింబల్ నుంచి లేచిన సన్నని మోత బండకు కొట్టుకుని రేకుకు, రేకు నుంచి మళ్లీ గోడకు పోతుంది. బెంగళూరు షోరూంలో కార్పెట్ మీద కమ్మగా వినిపించిన క్రాష్ ఇక్కడ చెవులు చిల్లులు పొడుస్తుంది. డ్రమ్స్ కింద జంపఖానా పరిచి, వెనక గోడకు రెండు దుప్పట్లు వేలాడదీయండి. కొత్త సింబల్ కన్నా ముందు ఆ పని చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఈ వారం సాధనకు వద్దాం. మీ దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద సింబల్ తీసుకోండి, ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. స్టాండ్ మీద వింగ్ నట్ (సింబల్ పైన చేత్తో తిప్పే మర) వదులు చేయండి. సింబల్ అటూ ఇటూ ఊగాలి, బిగదీసి కట్టినట్టు ఉండకూడదు. కొంచెం మీ వైపు వంచండి. అంచు మీద నిలువుగా గొడ్డలి దెబ్బలా వేయొద్దు. స్టిక్ భుజం భాగంతో (మొన దగ్గర సన్నబడే చోటు), పక్కకు జారవిడుస్తూ తాకండి. మణికట్టు దెబ్బ పడిన వెంటనే వెనక్కి వచ్చేయాలి. పడిన చోటే స్టిక్ నిలిచిందంటే మోతను మీరే నొక్కేస్తున్నట్టు.

తర్వాత మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 80 మీద పెట్టి రైడ్ మీద ఎనిమిదుల లెక్క, అంటే ఒక్కో తాళానికి రెండేసి దెబ్బలు వాయించండి. మొదట స్టిక్ మొనతో, అంచుకూ బెల్‌కూ (నడుమ ఉబ్బిన భాగం) మధ్య భాగంలో. రెండు నిమిషాలు గడిచాక వినండి: ఒక్కొక్క దెబ్బ విడివిడిగా తెలుస్తోందా, లేక అంతా కలిసి ఒకే హోరు అయిపోయిందా? హోరైతే బెల్ వైపు రెండు వేళ్ల దూరం జరగండి, దెబ్బ ఎత్తు సగానికి తగ్గించండి. ఇంత చేసినా దెబ్బ విడిగా రాకపోతే అప్పుడు ఆ సింబల్ మీకు పెద్దదనో పల్చనిదనో అనుకోవచ్చు. అంతకుముందు అనొద్దు.

ఇక కంపెనీ పేర్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పిల్లలు ఇంట్లో గొడవపడి మరీ డబ్బు తగలేసేది ఇక్కడే. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్ బృందం వాయించినప్పుడు, వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ డ్రమ్ ముందు లడ్విగ్ అనే డ్రమ్స్ కంపెనీ పేరు కనిపించింది. ఆ తర్వాత లడ్విగ్ ఫ్యాక్టరీకి రాత్రింబవళ్లు పని. అయితే రింగో ఆ సెట్‌ను ముందటి ఏడాది లండన్‌లో ఒక షాపులో తీసుకున్నాడు. కంపెనీ పిలిచి ఇచ్చింది కాదు. దాని రంగు ఆయనకు నచ్చింది. కంపెనీ వాళ్లు కృతజ్ఞతగా బంగారు పూత స్నేర్ (సెట్‌లో టకటకమని మోగే చిన్న డ్రమ్) బహూకరించింది ఆ తర్వాతే.

ఇప్పుడు కంపెనీలకూ డ్రమ్మర్లకూ మధ్య ఒప్పందాలు ముందే జరుగుతాయి. వాటిలోనూ మెట్లున్నాయి. చాలామంది డ్రమ్మర్లకు దక్కేది తగ్గింపు ధర మాత్రమే. ఉచితంగా అందుకునేవాళ్లు తక్కువ. తన పేరుతో మోడల్ వచ్చి, అమ్మిన ప్రతిదాని మీద వాటా వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. బదులుగా స్టేజీ మీద ఆ కంపెనీవే వాడాలి. ఇందులో మోసమేమీ లేదు, అది వాళ్ల బతుకుతెరువు. కానీ పోస్టర్‌లో ఉన్నది వ్యాపార ఒప్పందమని తెలుసుకుని చూడాలి.

కంపెనీలు మారిన పెద్దవాళ్లనూ గమనించండి. రష్ అనే రాక్ బృందం డ్రమ్మర్ నీల్ పీర్ట్ ఏళ్ల తరబడి జిల్జియన్ కంపెనీ సింబల్స్ వాయించి, 2000 దశకంలో సేబియన్‌కు మారాడు. కళ్లు మూసుకుని విన్నా వాయించేది ఆయనేనని తెలిసిపోతుంది. పైగా ఈ రెండు కంపెనీల అభిమానులు కొట్టుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. జిల్జియన్ 1623లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. ఆ కుటుంబంలో అన్నదమ్ముల పంపకాలయ్యాక రాబర్ట్ జిల్జియన్ 1981లో కెనడాలో పెట్టిందే సేబియన్. రెండింటి మేలురకం సింబల్స్‌లోనూ ఉన్నది ఒకే కంచు, 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. తేడా అంతా సుత్తి దెబ్బల్లో, మందంలో, గీతలు తీసిన తీరులో ఉంటుంది. అవి మీ చెవితో పోల్చుకోవాల్సినవి.

పాతది కొనేటప్పుడు రెండు చోట్ల చూడండి. అంచు చుట్టూ గోరు నెమ్మదిగా జరపండి, ఎక్కడ తట్టుకుంటే అక్కడ చీలిక మొదలైనట్టే. మధ్య రంధ్రం గుండ్రంగా ఉందో, ఒక పక్క అరిగి తాళంచెవి రంధ్రంలా సాగిందో చూడండి. ప్లాస్టిక్ స్లీవ్ వేయకుండా ఇనుప కడ్డీ మీద వాయిస్తే అలా అవుతుంది. చీలినదాన్ని మాత్రం వెల్డింగ్ షాపుకు తీసుకుపోవద్దు. ఆ వేడికి అక్కడి కంచు గుణమే మారిపోతుంది.

వారం చివర ఒక పని. ఫోన్‌ను డ్రమ్స్ దగ్గర కాకుండా హాలు చివరి వరుసలో కుర్చీ మీద పెట్టి రికార్డు చేయండి. ఒకసారి చిన్న క్రాష్‌తో, ఒకసారి పెద్దదానితో, అదే పాట, అదే వేగం. పాడేవాళ్ల మాటలు దేనిలో తెలిశాయో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం ముందు పెట్టుకుని, ఉన్న సింబల్‌కే టేపు అంటించి మోత తగ్గించడం చూద్దాం.