శివరాత్రి నుంచి చందనోత్సవం దాకా: పాడి ఉన్న ఇంట్లో రోజువారీ పని

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుంది. అక్కణ్ణుంచి సింహాచలం అప్పన్న చందనోత్సవం వచ్చేదాకా ఉన్న రెండు నెలల పైచిలుకు కాలం విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు పాడి రైతుకి గట్టి పని కాలం. రోహిణి కార్తెలో పాలు సగానికి పడిపోయాయని బాధపడే ఇళ్లలో చాలావాటికి ఆ నష్టం ఫాల్గుణంలోనే మొదలై ఉంటుంది. గట్ల మీద పచ్చిక ఎండుతుంది, పశువుల రక్తం పీల్చే గోమార్లు లేస్తాయి, సముద్రపు గాలితో ఉక్క మొదలవుతుంది. ఎండ ముదిరాక చేసే వైద్యం కంటే ఇప్పుడు రోజూ చేసే చిన్న పనులే పశువుని నిలబెడతాయి. నాలుగైదు ఆవులో గేదెలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ చూసుకునే పాడిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం.

తెల్లవారుజామున

పశువుల సాలలోకి వెళ్లగానే చీపురు పట్టకండి. లైటు వేసి ఒక్క నిమిషం నిలబడి చూడండి. పడుకున్న పశువుల్లో సగానికి పైగా నెమరు వేస్తూ ఉండాలి. ముట్టె తడిగా ఉండాలి. రాత్రి వేసిన గడ్డి ఎవరి ముందు మిగిలింది, పేడ ఎవరిది పలచగా ఉంది, ఎవరు విడిగా తల వాల్చి నిలబడ్డారు అన్నది పేడ ఎత్తేశాక తెలియదు. అనుమానం వస్తే జ్వరం చూడండి. థర్మామీటరు ఆసనంలో ఒక నిమిషం పైగా ఉంచితే మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ చూపిస్తుంది. 103 దాటితే ఆ రోజు ఆ పశువు మీద కన్ను వేసి ఉంచాలి.

ఎద (పశువు కట్టడానికి సిద్ధమైన అదును) కనిపెట్టేదీ ఈ వేళే. ఆవు అరుస్తుంది, పక్కదాని మీద ఎక్కుతుంది, కాబట్టి తెలిసిపోతుంది. గేదె అలా కాదు. ఎండలు మొదలయ్యాక మూగఎద ఎక్కువ. పడుకున్న చోట గుడ్డులోని తెల్లసొనలాంటి తీగ, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం, కారణం లేకుండా పాలు తగ్గడం, ఇంతే గుర్తులు. అవీ రాత్రి చల్లబడ్డాక, తెల్లవారకముందే కనిపిస్తాయి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం కృత్రిమ గర్భధారణ సూది వేయించాలి, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. తేదీ గోడ మీద సుద్దతో రాసినా సరే, రాసి తీరాలి. 21 రోజులకి మళ్లీ చూడాలి. ఎద రాకపోతే కట్టిందని సంబరపడిపోకుండా మూడు నెలలకి చూడి పరీక్ష చేయించండి. ఒక ఎద తప్పిపోతే ఈత మూడు వారాలు వెనక్కి పోతుంది, ఆ మూడు వారాలూ మేత ఖర్చు మీదే.

పాలు తీయడం

పేడ ఎత్తి, నేల కడిగి, దుమ్ము సద్దుమణిగాక పితకాలి. ఆ సమయంలో ఎండుగడ్డి విదిలించకూడదు, దుమ్మంతా పాలలోకి వస్తుంది. పొదుగుని గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. ఒక్కో పశువుకి ఒక్కో గుడ్డ. అందరికీ ఒకే గుడ్డ వాడడమంటే పొదుగువాపుని చేత్తో పంచిపెట్టడమే. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు గిన్నెకి కట్టిన నల్లగుడ్డ మీద పడనివ్వండి. పలుకులు, తీగలు, నీళ్ల రంగు కనిపిస్తే ఆ పశువుని చివర్న పితికి, ఆ పాలు విడిగా పారబోయాలి.

దూడ నోరు తగిలో, చేయి తగిలో పశువు చేపాక (పాలు చన్నుల్లోకి వదిలాక) ఆ ప్రభావం ఆరేడు నిమిషాలే ఉంటుంది. ఈలోపు ఆపకుండా పిండేయాలి. మధ్యలో ఫోను మాట్లాడితే ఆ పూట పాలు కొన్ని పొదుగులోనే ఉండిపోతాయి. పిడికిలి నిండా చన్ను పట్టి పిండాలి గానీ బొటనవేలు మడిచి గణుపుతో నొక్కకూడదు. అలా నొక్కితే లోపలి పొర నలిగి, కొన్నాళ్లకి చన్ను గట్టిపడుతుంది. చేపు రావడానికి సూది మందు వాడే పని అసలు పెట్టుకోవద్దు. అలవాటైన పశువు సూది లేనిదే చేపడం మానేస్తుంది.

పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం తక్కువ వచ్చిందని గొడవపడే ముందు ఒకటి చూసుకోండి. మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, ఆఖరి ధారల్లో చాలా ఎక్కువ. ఆఖరి పాలు దూడకి వదిలేసి ముందు పాలు కేంద్రానికి పోస్తే శాతం తగ్గక ఏమవుతుంది? దూడకి ఎంత అవసరమో అంత కొలిచి పెట్టి, పొదుగు పూర్తిగా ఖాళీ చేయండి. ఎండుగడ్డి బాగా తగ్గించి దాణా పెంచినా వెన్న పడిపోతుంది.

పితకడం అయ్యాక చన్నులు ఒక్కొక్కటీ మందుల షాపులో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. అందుకే పచ్చగడ్డి పితికిన తరవాత వేయండి. తింటూ నిలబడే ఉంటుంది, పేడలో పడుకోదు. పాలు వెంటనే వడగట్టి, నీడన, తడిగుడ్డ చుట్టిన స్టీలు క్యాన్‌లో ఉంచి, తొందరగా కేంద్రానికి చేర్చండి. క్యాన్‌ని ముందు చన్నీళ్లతో, తరవాత వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించాలి. ముందే వేడినీళ్లు పోస్తే పాలు అంటుకుపోయి వాసన వస్తుంది.

దూడలు

పుట్టిన గంటలోపే జున్నుపాలు పడాలి. మాయ పడేదాకా ఆగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, దూడలు చచ్చిపోవడానికి అదొక పెద్ద కారణం. బరువులో పదో వంతు లెక్కన 25 కిలోల దూడకి రోజుకి రెండున్నర లీటర్లు, రెండు పూటలుగా. బొడ్డుకి రెండంగుళాలు కింద దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టించర్ అయోడిన్ రాయాలి. గేదె దూడకి పదో రోజున ఏలికపాముల మందు తప్పనిసరి, ఆ పురుగు తల్లిపాల ద్వారానే వస్తుంది. తెల్లగా, బంకమట్టిలా, కంపు కొట్టే పారుడు దాని గుర్తు. తల్లికి మాయ పడలేదని రాయో ఇటుకో కట్టి వేలాడదీయకండి, గర్భసంచి చిరుగుతుంది, ఒక్కోసారి బయటికి వచ్చేస్తుంది. 12 గంటలు దాటితే డాక్టరుని పిలవండి.

మేత

400 కిలోల జెర్సీ సంకర ఆవు పది లీటర్లిస్తుంటే రోజుకి 20–25 కిలోల పచ్చిమేత, 5–6 కిలోల ఎండుగడ్డి, ఒంటికి ఒకటిన్నర కిలో దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఒక కిలో చొప్పున నాలుగు కిలోలు. గేదెకి రెండు లీటర్లకే కిలో దాణా లెక్క. 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు. ఏ మేత మార్చినా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి.

శివరాత్రికి సూపర్ నేపియర్ పశుగ్రాసం కణుపులు నాటుకుంటే ఏప్రిల్ చివరికో మే మొదటికో మొదటి కోత వస్తుంది, తరవాత 40–45 రోజులకో కోత. నీటి వసతి కాస్తయినా ఉంటే ఈ పని వాయిదా వేయొద్దు.

పచ్చిజొన్న విషయంలో మాత్రం తొందర పనికిరాదు. నీరందక వాడిన లేతజొన్నలోనూ, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లోనూ సయనైడ్ విషం ఉంటుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనే ఆయాసం, తూలడం, పడిపోవడం. సగం చేను పూత పట్టాకే కోయండి, కోతకి ముందు తడి పెట్టండి. పలుపు తెంపుకున్న పశువు లేతజొన్నలో పడితే గుర్తులు కనిపించేదాకా ఆగొద్దు, వెంటనే ఫోను చేయండి. పశువుల అంబులెన్సు నంబరు 1962.

పచ్చిమేత చాలనివాళ్లకి యూరియా పట్టించిన వరిగడ్డి మంచి ఆధారం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక, గడ్డిని పొరలుపొరలుగా పరిచి, ప్రతి పొర మీదా సమానంగా చల్లి, గట్టిగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని ఒక గంట ఆరబెట్టి, ఘాటు పోయాక వేయండి. చల్లడం ఒకచోట ఎక్కువై ఒకచోట తక్కువైతే ప్రమాదం. బూజు పట్టినది గత్తం (పెంటకుప్ప)లోకి. ఆరు నెలలలోపు దూడలకి వద్దు. కలిపిన బకెట్టు పశువు మూతి అందే చోట పెట్టకండి, ఆ నీళ్లు తాగితే బతకదు.

ఈ కాలంలో మన వైపు ఎక్కువగా జరిగే ఘోరం ఇంకోటి ఉంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం పారేయడం ఇష్టంలేక గంపలతో పశువుకి పెట్టేస్తారు. ప్రేమతోనే పెడతారు. కానీ అంత అన్నం ఒక్కసారి పడితే కడుపులో పులిసి ఆమ్లం పుడుతుంది. నెమరు ఆగిపోతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పుల్లటి వాసనతో పారుతుంది, ఆఖరికి లేవలేదు. నిలబడి మింగగలిగే స్థితిలో ఉంటే 100–150 గ్రాముల వంటసోడా లీటరు నీళ్లలో కలిపి, తల ఎక్కువ ఎత్తకుండా, కొద్దికొద్దిగా పట్టించి డాక్టరుని పిలవండి. తల బాగా ఎత్తి గడగడా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామిడితోటల్లో, జీడితోటల్లో వదిలేటప్పుడూ జాగ్రత్త. పూతకి మందు కొట్టిన తోటలోకి తోలకూడదు. రాలిన పిందెలు, టెంకలు గొంతుకి అడ్డం పడతాయి. చొంగ కారుస్తూ, మెడ చాపి, కడుపు ఉబ్బితే అదే అనుకోండి. లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు.

ఉక్కపోత, గోమార్లు

విశాఖలో ఎండ డిగ్రీలు చూసి మోసపోవద్దు. గాలిలో తేమ ఎక్కువ కావడంతో పశువు ఒంటి వేడి బయటికి పోదు. నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ఆలస్యమైంది. చాలామంది సాల చుట్టూ గోనెపట్టాలు కట్టి తడిపేస్తారు. గాలి కదలని చోట అది ఉక్కని పెంచుతుంది. ముందు గాలి ఆడాలి, తరవాతే నీళ్లు. పడమటి వైపు మాత్రం తాటాకు తడిక కట్టి, మిగతా వైపులు తెరిచి ఉంచండి. పదకొండు నుంచి నాలుగు మధ్య రెండు మూడుసార్లు చర్మం తడిసేలా నీళ్లు పోసి ఫ్యాను వేయండి. పైపైన జల్లితే వెంట్రుకల మీదే నిలిచిపోతుంది. రేకుల కప్పు మీద గడ్డి పరిస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. పాలిచ్చే పశువుకి రోజుకి 60–80 లీటర్ల తాగునీళ్లు, నీడలో ఉన్న తొట్టిలో. పదిహేను రోజులకోసారి తొట్టి కడిగి సున్నం వేయండి.

గోమార్ల కోసం పశువు మీద ఎంత మందు కొట్టినా పోవడం లేదంటే, అవి గోడ పగుళ్లలో, గుంజల మొదళ్లలో గుడ్లు పెట్టి ఉన్నాయి. అక్కడికీ కొట్టాలి. 12.5 శాతం అమిట్రాజ్ మందు అయితే లీటరు నీళ్లకి 2 మిల్లీలీటర్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కడుపునిండా నీళ్లు తాగించాక, ఒళ్లు ఆరేదాకా నాకకుండా చూడాలి. చెవుల లోపలి వైపు, తోక కింద, పొదుగు సందుల్లో చేత్తో రాయండి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. కొత్తగా పొదిగిన పిల్లల కోసం రెండు వారాలకి మళ్లీ కొట్టాలి. సంకరజాతి ఆవుకి గోమార్లతో థైలేరియా అనే రక్తపు జబ్బు వస్తుంది. 105 దాటే జ్వరం, జబ్బ ముందు ఉబ్బిన గడ్డ కనిపిస్తే ఇంట్లో మాత్రలతో కాలయాపన చేయొద్దు.

గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, నాలుగు నెలలు దాటిన అన్నిటికీ. చెవి పోగు మీది 12 అంకెల నంబరు రాయించుకోండి. రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. గాలికుంటు వస్తే ఆ ఈతలో పాలు మళ్లీ పూర్తిగా రావు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకి ముందు. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకి చూడి పోయే బ్రూసెల్లా జబ్బు రాకుండా వేసే టీకా జీవితంలో ఒక్కసారే.

మాపటికి

పొద్దున పితికిన వేళకి 12 గంటలు చూసుకుని సాయంత్రం పితకండి. రోజూ అదే వేళకి. పగలు ఎండకి మేయని పశువు చల్లబడ్డాక మేస్తుంది, అందుకని మేతలో ఎక్కువ భాగం రాత్రికే ఉంచాలి. పడుకోబోయే ముందు తొమ్మిదింటికి టార్చి వేసుకుని ఒకసారి వెళ్లండి. తొట్టి నింపండి, చూడి పశువు పలుపు కొంచెం వదులు చేయండి, గేదె వెనక తీగ ఏమైనా ఉందేమో చూడండి.