గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచే ముందు ఈ ఒక్కటీ చూడండి

అమలాపురం నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, గేమ్ ఆగి ఆగి ఆడుతోంది. ర్యామ్ 32 జీబీ చేయించేయనా?" ర్యామ్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ల సమాచారం తాత్కాలికంగా ఉండే మెమరీ.

"ఆగరా అబ్బాయ్! గేమ్ నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు" అన్నాను. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే లెక్కంతా కనిపిస్తుంది. వాడిది 8 జీబీ ర్యామ్. వాడుకోవడానికి దొరికే 7.8 జీబీలో 7.2 నిండిపోయింది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఎస్ఎస్‌డీని, అంటే ఫైళ్లు దాచుకునే డిస్క్‌ని వాడుకుంటుంది. అది ర్యామ్ కంటే చాలా నెమ్మది, అందుకే ఆ కుదుపులు. అక్కడే 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర 2లో 1 అని ఉంది. అంటే ర్యామ్ పెట్టే చోట్లు రెండిట్లో ఒకటి ఖాళీ. ఉన్నదానిలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ వేయిస్తే చాలు, మొత్తం 16 అవుతుంది. రెండు స్టిక్కులుంటే డ్యూయల్ ఛానెల్ వల్ల, అంటే రెండిటితో ఒకేసారి పని జరగడం వల్ల, వేగమూ కలిసొస్తుంది.

ఇప్పటి గేముల్లో చాలావాటికి 16 సరిపోతుంది. 32 అంటే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, గేమ్‌కి బరువైన మోడ్‌లు (అదనపు మార్పులు) వేసుకునేవాళ్లకి. 16 ఉండి, గేమ్ ఆడేటప్పుడు వాడకం 11 దాటకపోతే మాత్రం డబ్బు పెట్టకండి, లోపం ఇంకెక్కడో ఉంది. గ్రాఫిక్స్ కార్డు మెమరీ వేరు, ర్యామ్ పెంచితే అది పెరగదు. మన ఎండాకాలం ఉక్కలో ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడితే గాలి ఆడక వేడెక్కి, దానంతటదే వేగం తగ్గించుకుంటుంది.

కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్‌కి పట్టే ర్యామ్ రకం డీడీఆర్4నా, డీడీఆర్5నా చూసుకోండి. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు, గాడి ఉండే చోటే వేరు. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. అలాంటిదైతే కొన్నరోజే 16 తీసుకోవాలి.