లిథియం వాడేవారికి బీపీ మాత్ర మార్చాక చేతులు వణుకుతుంటే

సమస్య: బైపోలార్ అనే మానసిక జబ్బుకి ఏళ్ల తరబడి లిథియం వాడుతున్నారు, ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య బీపీ మాత్ర మార్చారు. రెండు మూడు వారాలకి చేతుల వణుకు ఎక్కువైంది, విరేచనాలు పట్టుకున్నాయి, నడుస్తుంటే తూలుతున్నారు.

లిథియంతో వేళ్లు సన్నగా వణకడం మామూలే. చొక్కా గుండీ పెట్టుకోలేనంత, గ్లాసులో నీళ్లు ఒలికేంత వణుకు మాత్రం మామూలు కాదు. దానికి వాంతులు, మగత, మాట ముద్దగా రావడం తోడైతే రక్తంలో లిథియం పెరిగిందేమోనని ముందు అనుమానించాలి. ఇంట్లోవాళ్లు ‘తిన్నది పడలేదు’ అనో, ‘జబ్బు తిరగబెట్టింది’ అనో సరిపెట్టుకుంటారు. ఆలస్యమయ్యేది అక్కడే.

కారణం: మాత్రల షీటు వెనక్కి తిప్పి చూడండి. టెల్మిసార్టాన్ అనే బీపీ మందు పక్కన హైడ్రోక్లోరోథయాజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉందా? అవి ఒంట్లో నీరు తీసే మందులు. ఒకే మాత్రలో కలిసి ఉంటాయి కాబట్టి, తాము వాటర్ టాబ్లెట్ వేసుకుంటున్నామని చాలామందికి తెలియనే తెలియదు.

ఈ మందులు నీటితోపాటు సోడియాన్నీ బయటికి పంపేస్తాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి కిడ్నీ సోడియాన్ని ఎక్కువగా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటే లిథియాన్నీ లాక్కుంటుంది. దాంతో రక్తంలో లిథియం 25 నుంచి 40 శాతం దాకా పెరగొచ్చు. రక్తంలో మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాల్సిన మందు ఇది. 1.5 దాటితే విషమే. మధ్యలో ఉన్న జాగా ఎంత తక్కువో చూడండి. పైగా టెల్మిసార్టాన్ కూడా లిథియాన్ని పెంచే రకమే. నీరు తీసే మరో మందు ఫ్యూరోసెమైడ్‌తో ప్రమాదం తక్కువ, అలాగని లేకపోలేదు.

మన ఎండాకాలం చెమట, బీపీ అని ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఇవన్నీ కూడా లిథియాన్ని పెంచుతాయి.

పరిష్కారం: పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే తర్వాతి లిథియం మోతాదు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే. అన్ని మందుల షీట్లూ వెంట తీసుకెళ్లండి.

లక్షణాలేవీ లేవు, ఇప్పుడే షీటు చూసి కంగారుపడ్డారా? మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. మానసిక వైద్యుడికి ఫోన్ చేసి లిథియం పరీక్ష రాయించుకోండి. రాత్రి మోతాదు వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. లిథియం హెపారిన్ ఉన్న గొట్టంలో తీస్తే ఆ గొట్టంలోని లిథియమే లెక్కలో కలిసిపోతుంది, ల్యాబ్‌లో ముందే చెప్పి ఉంచండి. బీపీకి అమ్లోడిపిన్‌లాంటిది సరిపోతుందేమో డాక్టరు చూస్తారు. నీరు తీసే మందు తప్పదంటే లిథియం మోతాదు తగ్గించి, వారంలోపు మళ్లీ పరీక్ష చేయిస్తారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా కలిపి చేయించడం మంచిది.

బైపోలార్‌కే లిథియం బదులు వాల్‌ప్రోయేట్ వాడేవారికి ఈ తంటా లేదు. అలాగే వాడే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్‌లతో వేరే గొడవ. వాటికి నీరు తీసే మందు తోడైతే సోడియం బాగా పడిపోవచ్చు. తలనొప్పి, నీరసం, తికమక కనిపిస్తే వీళ్లకి చేయించాల్సింది సోడియం పరీక్ష.